లక్షా నలభై వేల మైళ్ళు తిరిగిన ఎం3: ఆన్‌లైన్ వేలంలో పాట పాడేముందు చూసుకోవాల్సినవి

ఇ46 తరం బీఎమ్‌డబ్ల్యూ ఎం3 అమెరికాలో 2001 నుంచి 2006 మోడల్ వరకు అమ్ముడైంది. 3,246 సీసీల ఆరు సిలిండర్ల ఎస్54 ఇంజన్, 333 హార్స్‌పవర్, టర్బో లేకుండానే 8,000 ఆర్‌పీఎం దాకా ఎగబాకే సూది. తక్కువ తిరిగిన బళ్ళు, ఎవరూ చెయ్యి పెట్టని బళ్ళు సేకరించేవాళ్ళ ధరలకు వెళ్ళిపోయాయి. నడుపుకోవడానికి కొనేవాళ్ళకు మిగిలేవి 1,30,000, 1,50,000 మైళ్ళు తిరిగినవి, సస్పెన్షన్ దించి, సైలెన్సర్ మార్చి, ఇంజన్ సాఫ్ట్‌వేర్‌లో వేలు పెట్టినవి. అవి ఎక్కువగా బ్రింగ్ ఎ ట్రెయిలర్, కార్స్ అండ్ బిడ్స్ లాంటి ఆన్‌లైన్ వేలాల్లో కనిపిస్తాయి.

అలాంటి బండి కొనడంలో తప్పేమీ లేదు. వేళకు పనులు చేయించిన 1,40,000 మైళ్ళ బండి, ఏళ్ళ తరబడి కదలకుండా పడివున్న 60,000 మైళ్ళ బండికన్నా నమ్మకంగా నడవొచ్చు. అయితే వేళకు పనులు చేయించారా లేదా అన్నది ఫొటోల్లో కనపడదు. రసీదుల్లో కనపడుతుంది. తేదీ, ఆ రోజుటి మైళ్ళు, వేసిన పార్ట్ నంబర్ మూడూ ఉన్న రసీదుకే విలువ ఇవ్వండి. అమ్మేవాళ్ళు "చేయించాం" అని రాసి కాగితం చూపకపోతే ఆ పని జరగలేదనే లెక్క వేసుకోండి. ఇందులో మొహమాటం పనికిరాదు.

నంబర్, టైటిల్, మైళ్ళు

ముందు విన్ నంబర్, అంటే ప్రతి బండికీ విడిగా ఉండే గుర్తింపు సంఖ్య చూడండి. అసలు ఎం3 నంబర్ డబ్ల్యూబీఎస్ అక్షరాలతో మొదలవుతుంది. డబ్ల్యూబీఏ అని మొదలైతే అది మామూలు 3 సిరీస్‌కు ఎం3 బంపర్లు తగిలించిన బండి. నంబర్‌ను డీకోడర్‌లో వేస్తే ఫ్యాక్టరీలో వేసిన రంగు, గేర్‌బాక్స్, తయారైన నెల తెలుస్తాయి. ఫొటోలో మాన్యువల్ గేర్ కర్ర ఉండి, డీకోడర్‌లో ఎస్ఎంజీ (క్లచ్ పెడల్ లేకుండా హైడ్రాలిక్ పంప్‌తో గేర్లు మారే గేర్‌బాక్స్) అని వస్తే ఎవరో తర్వాత మార్చారన్నమాట. మార్పు బాగా చేస్తే ఇబ్బందేమీ లేదు గాని ధర మాత్రం ఫ్యాక్టరీ మాన్యువల్‌కు ఇచ్చేంత ఇవ్వకూడదు. ఆ మార్పుకు తగ్గట్టు కంప్యూటర్ కోడింగ్ కూడా చేశారో లేదో అడగాలి.

అదే నంబర్‌ను సెర్చ్ ఇంజన్‌లో పెట్టి వెతకండి. మూడేళ్ళ కిందటి అమ్మకం ప్రకటన దొరికితే అంతకు మించిన సాక్ష్యం ఉండదు. అప్పటి మైళ్ళు, అప్పటి రంగు, అప్పుడున్న సూపర్‌చార్జర్ (ఇంజన్‌లోకి అదనంగా గాలి తోసే యంత్రం) ఇప్పుడు లేకపోవడం, అన్నీ బయటపడతాయి. పెద్ద మార్పు తీసేసి "స్టాక్ ఇంజన్" అని అమ్ముతుంటే ఎందుకు తీశారో బహిరంగంగానే అడగండి. వేలం పేజీలో ఇచ్చిన జవాబు అందరికీ కనపడే రికార్డుగా మిగులుతుంది.

తర్వాత టైటిల్, అంటే యాజమాన్య పత్రం. క్లీన్, సాల్వేజ్ (ప్రమాదంలో పాడై పక్కన పెట్టినది), రీబిల్ట్ (అలాంటిదాన్ని బాగుచేసినది) అన్నవి ఏ రాష్ట్రం రాసిందో, ఎవరి పేరు మీద ఉందో, అప్పు ఏమైనా ఉందో ఫొటోతో సహా చూపమనండి. అమ్మే మనిషి పేరు టైటిల్ మీద లేకపోతే మధ్యలో ఎవరో బదిలీ చేయించుకోకుండా దాటించారని అర్థం. రిజిస్ట్రేషన్ దగ్గర ఇరుక్కునేది మీరే.

మైళ్ళ విషయంలో ఒక చట్టం సంగతి గుర్తుంచుకోవాలి. ఫెడరల్ నిబంధనల ప్రకారం 2010, అంతకుముందు మోడళ్ళకు చేతులు మారేటప్పుడు ఓడోమీటర్ రీడింగు ధ్రువీకరించాల్సిన పనిలేదు. అందుకని ఈ బళ్ళ టైటిల్ మీద "ఎగ్జెంప్ట్" అని ఉండటం మామూలే. అది మోసానికి గుర్తు కాదు, అలాగని మైళ్ళకు హామీ కూడా కాదు. కాబట్టి బండి చరిత్ర చెప్పే కార్‌ఫాక్స్ నివేదికలో ఏడాదికేడాది పెరిగిన మైళ్ళను రసీదుల్లోని మైళ్ళతో పక్కపక్కన పెట్టి చూడండి. ఇ46లో మైళ్ళు డ్యాష్‌బోర్డు మీటర్‌లోనూ, లైట్లను నడిపే మాడ్యూల్‌లోనూ రెండు చోట్ల నమోదవుతాయి. రెండూ సరిపోలకపోతే ఓడోమీటర్ పక్కన చిన్న చుక్క వెలుగుతుంది. తాళం తిప్పి ఉన్నప్పుడు మీటర్‌ను దగ్గరగా తీసిన ఫొటో అడగండి, ఆ చుక్క ఉందో లేదో చూడండి.

ఇక ఎయిర్‌బ్యాగ్. టకాటా కంపెనీ ఎయిర్‌బ్యాగులు పేలి లోహపు ముక్కలు ఎగజిమ్మడంతో వచ్చిన రీకాల్‌లో ఇ46 బళ్ళు ఉన్నాయి. 2023లో బీఎమ్‌డబ్ల్యూ, రిపేర్ కాని 2000-2006 నాటి కొన్ని మోడళ్ళను అసలు నడపవద్దని హెచ్చరించింది, వాటిలో ఎం3 కూడా ఉంది. అమెరికా రోడ్డు భద్రత సంస్థ ఎన్‌హెచ్‌టీఎస్‌ఏ వెబ్‌సైట్‌లో విన్ నంబర్ వేస్తే పెండింగ్ రీకాల్ ఉందో లేదో నిమిషంలో తెలుస్తుంది. ఇక్కడ మార్పులు చేసిన బళ్ళకు ఇంకో చిక్కుంది: స్టీరింగ్ వీల్‌ను వేరే బండిది వేసి ఉంటే, రికార్డులో రిపేర్ అయినట్టున్నా చేతిలో ఉన్న ఎయిర్‌బ్యాగ్ అది కాకపోవచ్చు. ఏ వీల్, ఎక్కడిది, లోపలి బ్యాగ్ తయారీ తేదీ ఎంత అని అడిగి తీరాలి. ప్రాణం మీదికి వచ్చే విషయం ఇది.

ఎక్కువ మైళ్ళ దగ్గర ఈ బండిని ముంచే మూడు

మొదటిది కనెక్టింగ్ రాడ్ బేరింగులు, అంటే పిస్టన్ కడ్డీలు క్రాంక్‌షాఫ్ట్‌ను పట్టుకునే చోట ఉండే సన్నటి లోహపు చిప్పలు. తొలి ఏళ్ళ బళ్ళలో ఇంజన్లు పగలడంతో కంపెనీయే వెనక్కి పిలిచి బేరింగులు మార్చింది, ఆయిల్ కూడా మరింత చిక్కటి 10డబ్ల్యూ-60 రకానికి మార్చింది. "రీకాల్‌లో బేరింగులు మార్చారు" అని ప్రకటనలో గర్వంగా రాస్తారు. ఎప్పుడు మార్చారన్నదే అసలు ప్రశ్న. 2004లో 25,000 మైళ్ళ దగ్గర మార్చిన బేరింగులు, 1,40,000 మైళ్ళ బండిలో ఇవాళ 1,15,000 మైళ్ళ పాతవి. జాగ్రత్తపరులు 60,000 నుంచి 1,00,000 మైళ్ళలోపు మళ్ళీ మార్పిస్తారు. పని చేసేటప్పుడు ముందువైపు సబ్‌ఫ్రేమ్ దించి, ఆయిల్ పాన్ విప్పి, పాత చిప్పలు తీసి, కొత్త చిప్పలతోపాటు కొత్త బోల్టులు వేయాలి. ఫ్యాక్టరీ బోల్టులు బిగించినప్పుడు సాగుతాయి, ఒకసారికే పనికొస్తాయి. పాతవే తిరిగి బిగించిన పని, పని చేయకపోవడంకన్నా ప్రమాదం. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టవుతుంది. తీసిన పాత చిప్పల ఫొటోలు అడగండి. బూడిదరంగు పైపూత అరిగి రాగిరంగు బయటపడి ఉంటే ఇంజన్ ఎంత కష్టం చూసిందో అర్థమవుతుంది. మార్పించకపోతే కనీసం ల్యాబ్‌లో చేయించిన ఆయిల్ పరీక్ష అడగండి. సీసం, రాగి అంకెలు రెండు మూడు పరీక్షల్లో వరసగా పెరుగుతుంటే ఆ బండికి బేరింగుల ఖర్చు మీ లెక్కలో పడాల్సిందే.

రెండోది వానోస్, అంటే క్యామ్‌షాఫ్టుల టైమింగును మార్చే యంత్రాంగం. ఎగ్జాస్ట్ క్యామ్ హబ్‌కు ఉండే రెండు చిన్న కొమ్ములు వానోస్ ఆయిల్ పంప్ బిళ్ళను తిప్పుతాయి. బిళ్ళ రంధ్రాల్లో ఖాళీ పెరిగేకొద్దీ కొమ్ములు కొట్టుకుని విరుగుతాయి. విరిగిన ముక్క ఆయిల్ పాన్‌లో పడితే అదృష్టం, టైమింగ్ చెయిన్‌లో పడితే ఇంజన్ పోయినట్టే. వదులయ్యే క్యామ్ బోల్టులది ఇంకో బెడద. రసీదులో "వానోస్ రీసీల్" అని మాత్రమే ఉంటే రబ్బరు సీళ్ళు మార్చారంతే. హబ్, బిళ్ళ, బోల్టులు మార్చారా అని విడిగా అడగాలి.

మూడోది వెనక నేల. డిఫరెన్షియల్‌నూ వెనక సస్పెన్షన్‌నూ మోసే సబ్‌ఫ్రేమ్, బాడీకి నాలుగు చోట్ల బిగిసి ఉంటుంది. అక్కడి రేకు పలుచన, స్పాట్ వెల్డింగులు తక్కువ. క్లచ్ వదిలిన ప్రతిసారీ ఆ రేకు ముందుకూ వెనక్కూ లాగబడి, ఏళ్ళ మీద వెంట్రుకంత పగుళ్ళు వస్తాయి. గట్టి బుష్‌లు వేసిన బండిలో, ట్రాక్ మీద తిప్పిన బండిలో ఇది ఇంకా తొందరగా వస్తుంది, ఎందుకంటే కుదుపు మింగాల్సిన రబ్బరు లేక దెబ్బంతా రేకు మీదే పడుతుంది. పైపైన టార్చి వేసి చూసి "పగుళ్ళు లేవు" అంటే చాలదు. పగుళ్ళు చాలావరకు సబ్‌ఫ్రేమ్ దించి, కింది పూత గీకితేనే కనపడతాయి. బలపరిచే ప్లేట్లు వేశామంటే మూడు ఫొటోలు అడగండి: పూత గీకిన రేకు, పగుళ్ళను వెల్డ్ చేసిన దశ, ప్లేట్లు వేశాక. పగులు అలాగే ఉంచి పైన ప్లేట్ కప్పేస్తే అది లోపల పెరుగుతూనే ఉంటుంది.

మిగతావి చిన్న ఖర్చులు గాని లెక్కలో రావాలి. వాల్వ్ క్లియరెన్సులు దాదాపు 30,000 మైళ్ళకోసారి సరిచేయాలి (ఇన్‌టేక్ 0.18 నుంచి 0.23 మిల్లీమీటర్లు, ఎగ్జాస్ట్ 0.28 నుంచి 0.33). కూలింగ్ ట్యాంకు, రేడియేటర్ మెడ ప్లాస్టిక్కువి, వయసుకు పెళుసెక్కి పగులుతాయి. వెనక ట్రెయిలింగ్ ఆర్మ్ బుష్‌లు అరిగితే బండి వెనక భాగం నడుము జారినట్టు ఊగుతుంది. ఎస్ఎంజీ బండి అయితే హైడ్రాలిక్ పంప్ చూడాలి. డ్రైవర్ తలుపు తీయగానే అది కొద్ది క్షణాలు పనిచేసి ఆగిపోవాలి, ఆగకుండా మోగుతుంటే ఖర్చు ముంచుకొస్తున్నట్టే.

మార్పులను ఎలా తూచాలి

అమ్మేవాళ్ళు మార్పులకు పెట్టిన ఖర్చంతా కూడి చూపిస్తారు. ఆ మొత్తాన్ని ధరలో కలపకండి. మార్పు విలువ మూడు విషయాల మీద ఆధారపడుతుంది: పేరున్న పార్టా, ఎవరు బిగించారు, తీసిన అసలు పార్టు బండితో వస్తోందా. అసలు సీట్లు, స్టీరింగ్ వీల్, ఎగ్జాస్ట్, స్ప్రింగులు డబ్బాల్లో పెట్టి ఇస్తుంటే అది నిజంగా డబ్బు విలువ చేసేది.

బేరింగులకు, బలపరిచే ప్లేట్లకు, కొత్త బుష్‌లకు, మంచి బ్రేక్ ప్యాడ్లకు ఎక్కువ ఇవ్వండి. కాయిలోవర్లు (ఎత్తు మార్చుకోగల స్ప్రింగు-షాక్ జతలు) మంచివైతే సరే. వాటితోపాటు వెనక షాక్ మౌంట్లకు బలపరిచే రేకులు వేశారా, ముందు స్ట్రట్ టవర్ పైభాగం ఉబ్బిందా అని చూడండి. మరీ కిందికి దించిన బండి గుంతల్లో ఆ టవర్లనే గుద్దుతుంది. వీల్ స్పేసర్లు (చక్రాన్ని బయటికి జరిపే బిళ్ళలు) ఉంటే పొడవైన బోల్టులు వేశారా అని అడగండి.

కార్బన్ ఇన్‌టేక్ బాక్స్ చూడటానికీ వినడానికీ అద్భుతంగా ఉంటుంది. కాని చాలా కిట్లలో గాలి కొలిచే సెన్సర్ తీసేస్తారు, దానికి తగ్గ సాఫ్ట్‌వేర్ లేకపోతే మిశ్రమంలో పెట్రోలు తగ్గి పిస్టన్లు కాలతాయి. ట్యూన్ ఎవరు చేశారు, డైనో (ఇంజన్ శక్తి కొలిచే యంత్రం) కాగితం మీద గాలి-పెట్రోలు నిష్పత్తి గీత ఉందా అని అడగండి. ఆర్‌పీఎం పరిమితి పెంచిన ట్యూన్ ఉంటే బేరింగుల లెక్కను ఇంకా కఠినంగా వేయండి. సూపర్‌చార్జర్ సంగతి వేరే. ఎస్54 కంప్రెషన్ నిష్పత్తి 11.5, దాని మీద బూస్ట్ పెడితే తప్పు చేసుకునే వీలు చాలా తక్కువ. కిట్ పేరు, పుల్లీ కొలత, ఇంజెక్టర్లు, పెట్రోల్ పంప్, క్లచ్, ఇంటర్‌కూలర్ వివరాలన్నీ కాగితం మీద లేకపోతే ఆ బండిని వదిలేయండి.

క్యాటలిటిక్ కన్వర్టర్లు (పొగను శుభ్రం చేసే భాగాలు) తీసేసిన హెడర్లు, అంటే ఇంజన్ నుంచి పొగ తీసుకెళ్ళే గొట్టాలు, మీ రాష్ట్రంలో చెల్లుతాయా అన్నది కొనకముందే తేల్చుకోవాలి. క్యాలిఫోర్నియాలో 1976 నుంచి వచ్చిన పెట్రోలు కార్లకు స్మాగ్ పరీక్ష తప్పదు. బానెట్ ఎత్తి పార్టులు చూస్తారు, బయటి పార్టులకు కార్బ్ (క్యాలిఫోర్నియా గాలి నాణ్యత బోర్డు) ఎగ్జిక్యూటివ్ ఆర్డర్, అంటే అనుమతి నంబర్ అడుగుతారు, 2021 జులై నుంచి ఇంజన్ సాఫ్ట్‌వేర్ మార్చారేమో కూడా చూస్తున్నారు. క్యాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్‌లో ఉంటూ టెక్సస్ నుంచి ఇలాంటి బండి కొంటే రిజిస్ట్రేషనే జరగదు. టెక్సస్‌లో డాలస్, హ్యూస్టన్, ఆస్టిన్ లాంటి నగరాల కౌంటీల్లో ఉద్గార పరీక్ష ఉంది, అదీ 24 ఏళ్ళలోపు పెట్రోలు బళ్ళకే.

ఎప్పటికైనా హైదరాబాద్‌కో విశాఖకో పంపుకోవచ్చన్న ఆశ ఉంటే ఇప్పుడే మానుకోండి. భారత దిగుమతి నిబంధనల్లో వాడిన కారు తయారై మూడేళ్ళు దాటకూడదు, స్టీరింగ్ కుడివైపుండాలి.

వీడియో, తనిఖీ

వేలం సాధారణంగా వారం రోజులు నడుస్తుంది. మొదటి రెండు రోజుల్లోనే అడగాల్సినవన్నీ అడగండి, చివరి రోజు అడిగితే జవాబు రాదు. మొట్టమొదట అడగాల్సింది చల్లటి ఇంజన్ స్టార్ట్ చేసిన వీడియో. ఎం3లో దాన్ని సరిచూసుకునే మార్గం మీటర్‌లోనే ఉంది: ట్యాకోమీటర్ చుట్టూ చిన్న లైట్లు ఉంటాయి. ఆయిల్ చల్లగా ఉన్నప్పుడు అవి సూది తిరిగే దారి మధ్య నుంచే వెలిగి, వేడెక్కేకొద్దీ ఒక్కొక్కటీ ఆరుతూ ఎర్రగీత వైపు జరుగుతాయి. వీడియోలో ముందే సగం ఆరిపోయి ఉంటే ఇంజన్‌ను అంతకుముందే వేడిచేశారు. చల్లగా ఉన్నప్పుడు కుట్టుమిషన్‌లాంటి చిటచిట ఈ ఇంజన్‌కు సహజం. ముందువైపు నుంచి గులకరాళ్ళ డబ్బా ఆడించినట్టు వినిపిస్తే వానోస్. కిందినుంచి బరువైన టక్‌టక్ ఆర్‌పీఎంతోపాటు వేగం పెంచుకుంటే బేరింగులు, ఇక ఆ వేలం మూసేయండి.

కంప్యూటర్ స్కాన్ అడిగేటప్పుడు ఎర్రర్ కోడ్‌లతో ఆగకండి. రెడీనెస్ మానిటర్ల (పొగ తగ్గించే భాగాలను కంప్యూటర్ పరీక్షించుకుందో లేదో చెప్పే గుర్తుల) ఫొటో కూడా కావాలి. అవి "నాట్ రెడీ" అని ఉంటే కోడ్‌లను ఈమధ్యే చెరిపేశారు, లేదా బ్యాటరీ తీశారు. పెయింట్ మందం కొలిచే పరికరం రీడింగులు ప్రతి ప్యానెల్‌వీ అడగండి. టైర్ల పక్కన అచ్చైన నాలుగంకెలు చూడండి: 2319 అంటే 2019లో 23వ వారం, అలాంటి టైర్ల మీద ఎంత ట్రెడ్ మిగిలినా వాటిని కొత్తవాటితో మార్చాల్సిందే.

అమ్మే ఊళ్ళో బీఎమ్‌డబ్ల్యూలే చూసే స్వతంత్ర మెకానిక్‌ను మీరే వెతికి పెట్టుకోండి, అమ్మేవాళ్ళు చెప్పిన చోటికి వద్దు. మూడు నాలుగు వందల డాలర్లలో లిఫ్ట్ మీద ఎత్తి చూస్తారు. కంప్రెషన్‌తోపాటు లీక్‌డౌన్ పరీక్ష (సిలిండర్‌లోకి గాలి ఎక్కించి ఎంత కారుతోందో చూసేది), వెనక నేలకు దగ్గరి ఫొటోలు, ఆయిల్ శాంపిల్, బీఎమ్‌డబ్ల్యూ తనిఖీ సాఫ్ట్‌వేర్లయిన ఇన్పా లేదా ఇస్టాలో వానోస్ పరీక్ష విడిగా అడగండి. మామూలు తనిఖీ పట్టికలో ఇవి ఉండవు. ఆరు సిలిండర్ల కంప్రెషన్ ఒకదానికొకటి 10 శాతం లోపు తేడాలో ఉంటే, లీక్‌డౌన్ 10 శాతం లోపుంటే ఈ వయసుకు బాగున్నట్టే. అమ్మేవాళ్ళు తనిఖీకి ఒప్పుకోకపోతే కారణం ఏదైనా సరే, పాట పాడకండి.

గీత గీసుకోవడం

ఈ ఒక్క పని వేలం చివరి గంటలో కాకుండా ముందురోజు, కాగితం మీద చేయండి. ఉదాహరణకు చేతిలో ఉన్నది మొత్తం 30,000 డాలర్లు అనుకుందాం. రసీదు లేని బేరింగులకు 2,800, కూలింగ్ భాగాలకు 1,200, టైర్లకు 1,000, బుష్‌లకు 900, కలిపి 5,900. రవాణాకు 1,400, తనిఖీకి 400. మిగిలింది 22,300. ఇందులోనే కొనుగోలుదారు ఫీజు, సేల్స్ ట్యాక్సు రావాలి. ఫీజు 5 శాతం, టెక్సస్ ట్యాక్సు 6.25 శాతం అనుకుంటే 22,300ను 1.1125తో భాగించండి, దాదాపు 20,000 వస్తుంది. అదే మీ హెచ్చుపాట. ఒక్క డాలర్ కూడా ఎక్కువ కాదు. వెనక నేల తనిఖీ కాకపోతే ఇంకో నాలుగైదు వేలు తగ్గించి పాడాలి. ఫీజు శాతం, దాని పైపరిమితి వేలాన్నిబట్టి మారతాయి, ఆ రోజు షరతులు చదువుకోండి. పాట పాడగానే ఫీజు మేరకు మీ కార్డు మీద హోల్డ్ పెట్టే సైట్లు ఉన్నాయి, కార్డు పరిమితి చూసుకోండి.

చివరి క్షణంలో ఒక్క దెబ్బతో కొట్టేద్దామన్న ఎత్తు ఇక్కడ పారదు. ఆఖరి నిమిషంలోనో రెండు నిమిషాల్లోనో పాట పడితే గడియారం మళ్ళీ పొడిగించుకుంటుంది. అందుకని తొందరపడి ముందే పెంచకుండా, చివర్లో మీ గీత దాకా మాత్రమే అడుగులు వేయండి. రిజర్వ్ ధర (అమ్మేవాళ్ళు ముందే పెట్టుకున్న కనీస ధర) అందకపోతే వేలం ముగిశాక సైట్ ద్వారానే మాట్లాడుకునే వీలుంటుంది. అప్పుడూ గీత అదే.

గెలిచాక

డబ్బు పంపేముందు బ్యాంకు వివరాలను ఫోన్‌లో నోటితో చెప్పించుకుని సరిచూడండి. మెయిల్‌లో వచ్చిన ఖాతా నంబర్‌ను ఒక్కదాన్నే నమ్మకండి. అప్పు ఉన్న బండి అయితే బాకీ మేరకు నేరుగా ఆ బ్యాంకుకే కట్టి, అప్పు తీరిన పత్రం తీసుకోండి. బిల్ ఆఫ్ సేల్ మీద విన్ నంబర్, మైళ్ళు, ధర, ఇద్దరి సంతకాలు ఉండాలి. ఇన్సూరెన్సును బండి కదలకముందే తీసుకోండి, మార్పులన్నీ చెప్పి ముందే ఒప్పుకున్న విలువ మీద రాయించండి. చెప్పని మార్పు క్లెయిము రోజున మీకే అడ్డొస్తుంది.

రవాణా బుక్ చేసేటప్పుడు నేలకూ బండికీ మధ్య ఎన్ని అంగుళాలుందో చెప్పండి. దించిన బండి మామూలు ర్యాంపు ఎక్కలేక ముందు పెదవి విరగ్గొట్టుకోవడం తరచూ జరిగేదే. ముందు తగిలించే టో హుక్ (బండిని లాగే కొక్కెం) డిక్కీలో ఉందో లేదో కనుక్కోండి. ఎక్కించేటప్పుడూ దించేటప్పుడూ నాలుగు వైపులా ఫొటోలు తీయించి, గీతలేమైనా ఉంటే డ్రైవర్ సంతకం పెట్టకముందే బిల్ ఆఫ్ లేడింగ్ (రవాణా రసీదు) మీద రాయించండి.

బండి వచ్చిన వారం గట్టిగా తొక్కకండి. అన్ని ద్రవాలూ మార్చండి: 5.5 లీటర్ల 10డబ్ల్యూ-60 ఆయిల్, ఫిల్టర్, కూలెంట్, బ్రేక్ ఆయిల్, గేర్‌బాక్స్, డిఫరెన్షియల్. పాత ఫిల్టర్ కాగితాన్ని కోసి, మడతలు విప్పి ఎండలో చూడండి. మెరిసే రేణువులు కనిపిస్తే అయస్కాంతం పెట్టండి, అంటుకునేది ఇనుము, అంటుకోనిది బేరింగు లోహం కావచ్చు. దించిన ఆయిల్‌లో కొంత ల్యాబ్‌కు పంపండి. వీల్ బోల్టులను చల్లటి చక్రాల మీద 120 న్యూటన్ మీటర్లకు బిగించి, 50 మైళ్ళ తర్వాత మళ్ళీ సరిచూడండి. స్పేసర్లు ఉన్న బండి అయితే స్పేసర్లు విప్పి, హబ్ ముఖం మీది తుప్పు తుడిచి, ప్రతి బోల్టు కనీసం ఏడు చుట్లు పట్టిందని లెక్కపెట్టాకే రోడ్డెక్కించండి.